తొమ్మిదో సున్నా

వీధిలో అందరూ అతన్ని సున్నాల మాస్టారు అనేవారు. అతను బడిపంతులు కాదు. బడిలో ఉన్నన్నాళ్ళూ సున్నాలు తెచ్చుకున్నవాడే తప్ప పెట్టినవాడు కాదు. అతని పని కప్పులు పెట్టడం. నొప్పులతో వచ్చినవాళ్ళని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపుకి నూనె రాసి, స్పిరిట్‌లో ముంచిన దూదిని వెలిగించి, ఆ మంటను గాజు కప్పులో ఒక్క క్షణం తిప్పి తీసి, కప్పును చటుక్కున వీపు మీద బోర్లించేవాడు. లోపలి గాలి చల్లబడుతున్నకొద్దీ కప్పు చర్మాన్ని పైకి లాగేది. పది నిమిషాలకు తీస్తే ఎర్రగానో ఊదాగానో గుండ్రటి మచ్చ మిగిలేది. మొదట్లో వచ్చినవాళ్ళలో ఒక లారీ డ్రైవరు అద్దంలో తన వీపు చూసుకుని, "మా పంతులు ఏడాది పొడుగునా పెట్టినన్ని సున్నాలు ఈయన ఒక్క పూటలో పెట్టేశాడు" అన్నాడట. ఆ పేరు జిగురులా అంటుకుపోయింది.

సైకిల్ రిపేరు షాపు మీద ఒకే ఒక గది. ముఖం పట్టేలా రంధ్రం కోసిన బల్ల, రెండు కిటికీలు, గోడకి ఒక గడియారం. కింద సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా పైన కప్పులు సన్నగా మోగేవి. మెడ పట్టేసిన మంగలి, బస్తాలు మోసేవాళ్ళు, రోజంతా టైపు కొట్టే గుమాస్తాలు, పరుగు పందాలకి తయారయ్యే కుర్రకారు, అందరూ ఆ మెట్లెక్కినవాళ్ళే. చాలామంది దిగేటప్పుడు మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ దిగేవారు. పట్టేసిన కండ వదులైతే మనిషికి కాసేపు లోకం మీద కోపం తగ్గుతుంది. అంతకు మించి ఆ కప్పులు ఏం చేస్తాయో, ఏం చెయ్యవో అతనికి తెలుసు. తెలిసినా, మచ్చ నల్లగా లేచినప్పుడు ఒక మాట అనేవాడు: "చూశారా, చెడు రక్తం అంతా పైకి వచ్చేసింది." ఆ మాట వింటే జనానికి తృప్తి. డాక్టర్లు కనిపెట్టలేనిది తమ ఒంట్లోంచి కళ్ళ ముందే బయటపడినట్టు ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ, ఆ మాట అమ్మకానికి పెట్టిందో తాను నమ్మిందో అతనే మరిచిపోయాడు.

పని నేర్పింది మేనమామ. పోతూపోతూ మూడు వస్తువులు ఇచ్చి పోయాడు. మొదటిది గుడ్డ పరిచిన చెక్కపెట్టె, అందులో పన్నెండు కప్పులు, మూడు సైజుల్లో నాలుగేసి. అందులో పెద్ద సైజు కప్పు ఒకదానికి అంచు మీద పోతలోనే వచ్చిన చిన్న బుడిపె ఉండేది. అది పెట్టిన సున్నాకి ఒకపక్క చిన్న తోక మొలిచేది. దాన్ని తోక కప్పు అనేవారు. రెండోది మనిషి వీపు ఆకారం చెక్కిన రబ్బరు స్టాంపు. మూడోది ఒక అలవాటు. కొత్త మనిషి రాగానే అట్టముక్క మీద ఆ స్టాంపు గుద్ది, తేదీ వేసి, కింద అయిదు ప్రశ్నలకి జవాబులు రాసుకోవాలి. కడుపుతో ఉన్నారా. రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా. దెబ్బ తగలకుండా ఒళ్ళు కములుతోందా. జ్వరం వచ్చి పోతోందా. ఒక్కదానికి అవునన్నా కప్పు ముట్టుకోకూడదు, ముందు డాక్టరు దగ్గరికి పంపించాలి. తర్వాత ఏ కప్పు ఎక్కడ పెట్టాడో స్టాంపు బొమ్మ మీద గీసుకోవాలి. పాత మచ్చ పూర్తిగా పోయేదాకా మళ్ళీ పెట్టకూడదు.

"మనం పెట్టిందేదో, మనం పెట్టనిదేదో మనకి తెలియాలిరా. అది తెలియనివాడు కప్పు పట్టుకోకూడదు" అనేవాడు మేనమామ.

ఆ గదిలో అలాంటి అట్టలు బూట్ల డబ్బాల్లో వరసగా ఉండేవి. మంగలిది ఉంది. లారీ డ్రైవరుది ఉంది. అద్దె అడగడానికి వచ్చి నడుం పట్టేసిందని పడుకున్న ఇంటి యజమానిది కూడా ఉంది. లేనిది అక్కది ఒక్కటే.

అక్క అతనికన్నా పదకొండేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు అతనికి నాలుగేళ్ళు. అప్పటినుంచి అతని ముక్కు తుడిచింది, చొక్కాలు కుట్టింది, పరీక్ష తప్పినప్పుడల్లా తండ్రికి అతనికి మధ్య నిలబడింది అక్కే. ఇప్పుడు ఆవిడ ఒక బట్టల ఫ్యాక్టరీలో కటింగు మాస్టరు. యాభై పొరల గుడ్డను ఒకదాని మీద ఒకటి పరిచి, గీసిన గీత మీదుగా మిషను కత్తిని నడిపించడం ఆవిడ పని. రోజుకు తొమ్మిది గంటలు నిలబడే. గీత తప్పితే ఒకటి కాదు, యాభై చొక్కాలు పోతాయి. ఆవిడ చేతిలో గీత తప్పడం ఎవరూ చూడలేదు.

ఆవిడ మొదటిసారి నొప్పని మెట్లెక్కి వచ్చింది ఒక ఆదివారం ఉదయం. వెనకాలే బావ. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నోరు ఊరుకోదు.

"వీపంతా పచ్చిపుండులా ఉందిరా. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వయసైపోతోంది" అంది అక్క, బల్ల మీద కూర్చుంటూ.

"వయసు కాదు, పొగరు. సెలవు పెట్టవే అంటే, నేను లేకపోతే ఫ్యాక్టరీ కూలిపోతుందంటుంది" అన్నాడు బావ. కప్పుల పెట్టెలోకి తొంగిచూసి, "మనిద్దరిదీ ఒకటే పని బావమరిదీ. నేను మనుషుల్ని పైకి పంపిస్తాను, నువ్వు రక్తాన్ని పైకి పంపిస్తావు" అన్నాడు.

"పైకి పంపించడమేమిటండీ, వినడానికే బాగాలేదు" అంది అక్క, రంధ్రంలో ముఖం పెడుతూ.

అతను నవ్వాడు. అలవాటుగా అట్ట కోసం చెయ్యి చాచాడు కూడా. అక్క రంధ్రంలోంచే గ్రహించి, "ఏమిట్రా, నా పేరు, ఊరు రాసుకుంటావా? కడుపుతో ఉన్నావా అని అడుగుతావా?" అంది. బావ పగలబడి నవ్వాడు. యాభై రెండేళ్ళ అక్కని, తనని ఎత్తుకు పెంచిన మనిషిని, ఆ ప్రశ్నలు అడగడానికి అతనికి సిగ్గేసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వెన్నుకి రెండు పక్కలా నాలుగేసి, ఎనిమిది కప్పులు పెట్టాడు. పది నిమిషాలు ఉంచాల్సినవి అయిదు నిమిషాలకే తీసేశాడు, ఎందుకంటే గాజులోంచి చూస్తుంటే చర్మం ఊదా దాటి నేరేడుపండు రంగులోకి వెళ్ళిపోతోంది. ఇరవై ఏళ్ళలో అతను అంత నల్లటి మచ్చలు చూడలేదు. నోరు మాత్రం దాని పని అది చేసేసింది.

"అబ్బ, ఎంత చెడు రక్తం ఉందక్కా నీలో. అంతా లాగేసింది."

"మరేమనుకున్నావు. మీ బావతో ముప్ఫై ఏళ్ళ కాపురం" అంది అక్క. లేచి భుజాలు కదిపి చూసుకుని, తేలిగ్గా ఉందంది. ఆ రోజంతా అతను ఆ మాటే తలుచుకుని గర్వపడ్డాడు.

పదహారు రోజుల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. మామూలుగా ఆ మచ్చలు వారం, మహా అయితే పది రోజుల్లో ఆకుపచ్చగా మారి, పసుపై, మాయమవ్వాలి. అక్క జాకెట్టు వెనక హుక్కులు విప్పి పడుకుంటే, నిన్న పెట్టినట్టు ఎనిమిదీ అలాగే ఉన్నాయి. అతను వేలితో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఎడమ నడుం పైన, పక్కటెముకలు అయిపోయేచోట, ఒకటి ఎక్కువ ఉంది.

"అక్కా, పోయినసారి ఎన్ని పెట్టాను?"

"నన్నడుగుతావేమిట్రా? నా వీపుకి కళ్ళున్నాయా?" అంది. తర్వాత, "ఆ నడుం దగ్గరిది మాత్రం ముట్టుకుంటే నొప్పిగా ఉంది. అదీ నీదేగా?" అని అడిగింది.

అట్ట ఉంటే తీసి చూసేవాడు. బొమ్మ మీద ఎనిమిది సున్నాలు ఉండేవి, తొమ్మిదోది ఉండేది కాదు. అక్కడితో చెయ్యి ఆగిపోయేది. అట్ట లేదు. ఉన్నదల్లా జ్ఞాపకం. ఆదివారం, బావ హాస్యాలు, నవ్వులు. అలాంటప్పుడు చెయ్యి ఒకటి ఎక్కువ పెట్టి ఉండదా? తన మీద తనకి అనుమానం రావడమే అతనికి తేలికైన దారి అయింది. మనిషి తన తప్పు ఒప్పుకుంటున్నానని అనుకుంటూనే అసలు తప్పు చేస్తాడు.

"నాదే అక్కా" అన్నాడు.

పాత మచ్చ పోనివ్వమన్న మేనమామ మాట కూడా ఆ రోజు చెవిన పడలేదు. అక్క నొప్పని మూలిగితే అతనికి చేతులు ఊరుకోవు. పాత మచ్చల సందుల్లో ఇంకో నాలుగు కప్పులు పెట్టాడు, తోక కప్పుతో సహా. రెండు నిమిషాలకే నల్లబడ్డాయి. ఈసారి చెడు రక్తం మాట రాలేదు. అక్క మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగింది. కింద సుత్తి మోగుతూనే ఉంది.

ఆ తర్వాతి గురువారం ఉదయం బావ ఫోన్ చేశాడు. ఎప్పుడూ ముందు ఒక ఎకసెక్కం ఆడితే గానీ విషయంలోకి రాని మనిషి, ఆ రోజు నేరుగా వచ్చాడు.

"మీ అక్క పనికి వెళ్ళలేదు."

అతను షాపుకి తాళం వేసి వెళ్ళిపోయాడు. అక్క పనికి వెళ్ళలేదంటే ఏమిటో ఆ ఇద్దరికే తెలుసు.

వెళ్ళేసరికి అక్క వాష్ బేసిన్ ముందు, గోడకి చెయ్యి ఆనించి నిలబడి పళ్ళు తోముకుంటోంది. ముఖం తెల్లకాగితంలా ఉంది. ఆవిడ ఉమ్మింది. తెల్లటి బేసిన్‌లో నురగ గులాబీ రంగులో జారింది. ఆవిడ తాపీగా కుళాయి తిప్పి కడిగేసింది, రోజూ కడిగే మనిషిలాగా.

"పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా?" అని అడిగాడు. తన గొంతు తనకే వినిపించింది. అది తమ్ముడి గొంతు కాదు, షాపులో కొత్త మనిషిని అడిగే గొంతు.

"నెల పైనే అయింది. బ్రష్షు గట్టిదని మార్చాను కూడా. ఏం?"

"దెబ్బ తగలకుండా ఒళ్ళు కములుతోందా?"

"టేబులు అంచులు తగులుతుంటాయి కదరా." ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి చూపించింది. రెండు పిక్కల మీదా సూదితో పొడిచినట్టు సన్నటి ఎర్రచుక్కలు, చల్లినట్టుగా. "ఇవి దోమలనుకున్నాను."

"జ్వరం వచ్చి పోతోందా?"

"సాయంత్రాలు కాస్త వెచ్చబడుతుంది. ఏమిట్రా ఈ ప్రశ్నలు? కడుపుతో ఉన్నావా అని కూడా అడిగెయ్యి."

ఎవరూ నవ్వలేదు. ఇరవై ఏళ్ళలో ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి అవునన్నవాళ్ళని ఎంతమందిని అతను వెనక్కి పంపాడో లెక్కలేదు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినట్టు బతిమాలినవాళ్ళని కూడా పంపేశాడు. మూడింటికి అవునన్న మనిషిని మాత్రం పడుకోబెట్టి పన్నెండు కప్పులు పెట్టాడు.

"బావా, ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఇప్పుడే."

బావ అతన్ని ఎగాదిగా చూశాడు. "మరి నీ వైద్యం ఏమైంది?"

దారిలో అతను తన గది దగ్గర ఆటో ఆపించి, పైకి పరిగెత్తి, కప్పుల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎందుకు తెచ్చాడో అప్పటికి అతనికీ తెలియదు.

ఆసుపత్రిలో వాళ్ళ వంతు వచ్చేసరికి పదకొండైంది. డాక్టరమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. బయట వరస గుమ్మం దాటి మెట్ల దాకా ఉంది. అక్క వీపు చూడగానే ఆమె ముఖం చిట్లించింది.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నాడతను.

"చూడండి ఎలా కమిలిపోయిందో. ఒళ్ళంతా గాజు కప్పులతో పీకేసి, ఇప్పుడు మచ్చలు పోవట్లేదని ఇక్కడికి తెస్తారా? నీరసం ఉండదా మరి?" ఆమె చీటీ మీద రాస్తూనే మాట్లాడుతోంది. "పూతమందు రాస్తున్నాను. ఐరన్ మాత్రలు. మూడు వారాల దాకా ఎవర్నీ ఆ వీపు ముట్టుకోనివ్వకండి."

"వాడి తప్పేం లేదమ్మా. నేనే అడిగి పెట్టించుకున్నాను" అంది అక్క. అప్పటికీ ఆవిడ తమ్ముడికి, తిట్టేవాళ్ళకి మధ్యే నిలబడింది.

బావ పళ్ళు బిగించి, "విన్నావుగా" అన్నాడు. అక్క హుక్కులు పెట్టుకోబోయింది. చీటీ చేతికొచ్చింది. తర్వాతి మనిషి అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

అప్పుడు అతనికి అర్థమైంది తను ఏం చేశాడో. ఒంట్లో ఉన్నదేదో చర్మం మీదికి వచ్చి, నెల రోజులుగా తనంతట తాను చెప్పుకుంటోంది. దాని అక్షరాల మీద తను సున్నాలు దిద్దేశాడు. ఇప్పుడు చూసినవాళ్ళెవరికైనా సున్నాలే కనిపిస్తాయి.

"ఒక్క నిమిషం డాక్టరమ్మా" అన్నాడు. "ఇందులో అన్నీ నావి కావు."

పెట్టె తెరిచాడు. వరసలో ఉన్నవాళ్ళు మెడలు సాచారు. అతను పెద్ద కప్పు ఒకటి తీసి, మంట లేకుండా, ఊరికే, కుడి భుజం కింది మచ్చ మీద ఆనించాడు. అంచుకి అంచు సరిగ్గా కూర్చుంది.

"ఇది నాది" అన్నాడు. రెండోదాని మీద పెట్టాడు. "ఇది నాది. ఇదీ నాదే." కప్పు మారుస్తూ ఒక్కొక్కటే కిందికి దిగాడు. "ఇది తోక కప్పుది, ఇక్కడ చిన్న తోక చూడండి. ఇది నాది." పెట్టెలో గాజు గాజుకి తగిలి మోగింది. పన్నెండూ అయ్యాయి. పదమూడోది, ఆ ఎడమ నడుం దగ్గరిది. చిన్న కప్పు పెట్టాడు. మచ్చ బయటికి పొంగింది. పెద్ద కప్పు పెట్టాడు. ఒకపక్క ఖాళీ మిగిలింది, ఇంకోపక్క మచ్చ అంచు దాటింది. "ఇది నాది కాదు. నా దగ్గర ఇంత కప్పు లేదు. పైగా ఇది గుండ్రంగా కూడా లేదు. నేనే ఇన్నాళ్ళూ దీన్ని గుండ్రంగా చూశాను." అక్క చెయ్యి తిప్పి, మోచేతి వెనక కమిలిన మచ్చ చూపించాడు. "ఇది నాది కాదు. పిక్కల మీది చుక్కలు నావి కావు. చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది, నెల అయింది. అది నాది కాదు. నావి కూడా పది రోజుల్లో పోవాలి, మొదట పెట్టినవి రెండు వారాలు దాటినా పోలేదు. ఇరవై ఏళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. నన్ను తర్వాత తిట్టండి. ముందు రక్తం చూడండి."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. అక్క పిక్క మీద వేలితో నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కింది. చుక్కలు మాయం కాలేదు. నోరు తెరవమంది. కింది పెదవి లోపల రెండు నల్లటి బొబ్బలు ఉన్నాయి. ఆమె మొదట రాసిన చీటీ తిరిగి తీసుకుని, రక్తపరీక్షకి ఇంకోటి రాసింది.

రెండు గంటల తర్వాత రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉండాల్సిన చోట పదకొండు వేలు ఉన్నాయి. మిగతా అంకెలు కూడా బాగాలేవని ఆమె అంది, ఎంత బాగాలేవో చెప్పలేదు. వెంటనే వార్డులో చేర్చుకున్నారు. ఎముక లోపలి మూలుగ తీసి పరీక్షకు పంపాలన్నారు.

"నేను పెట్టడం వల్ల వచ్చిందా?" అని అడిగాడతను, నడవాలో.

"కాదు. మీ కప్పుల వల్ల ఇలాంటివి రావు" అందామె. పట్టుకున్న ఫైలు వైపు చూస్తూ, "కానీ మొదటిసారి చూసిన రోజే పంపించి ఉంటే బాగుండేది" అంది. తను రాసిచ్చిన మొదటి చీటీ గురించి ఆమె ఏమీ మాట్లాడలేదు. అతను అడగలేదు. ఆ వీపుని తప్పుగా చదివిన కళ్ళు రెండు జతలు.

బావ మాత్రం ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. ఒక్కసారి, టీ గ్లాసు చేతికిస్తూ, అతని ముఖం చూడకుండా, "మంగలికి అట్ట ఉందట. నీ ఇంటి ఓనరుకి అట్ట ఉందట" అన్నాడు. అంతే. టీ మీద మీగడ కట్టేదాకా అతను దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మూలుగ తీసిన మర్నాడు మధ్యాహ్నం అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. కిటికీలోంచి ఎండ మంచం మీద సగం దాకా పడింది. రెండు సంచుల ప్లేట్‌లెట్లు ఎక్కించినా ముఖానికి రంగు రాలేదు. చేతులు ఊరికే ఉండలేక ఆవిడ దుప్పటి అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి, కత్తెరతో కత్తిరిస్తున్నట్టు, గీత వెంట నడిపిస్తోంది.

అప్పుడే వార్డు గుమ్మంలో డాక్టరమ్మ కనిపించింది. పక్కన ఇంకో పెద్ద డాక్టరు. లోపలికి రాలేదు. చేతిలో కాగితాలు ఉన్నాయి. బావని చూసి, తర్వాత అతన్ని చూసి, ఇద్దర్నీ బయటికి రమ్మని తల ఊపింది. బావ లేచాడు. కుర్చీ నేలమీద కీచుమంది.

అతను లేవబోతుంటే అక్క చెయ్యి పట్టుకుంది. ఆవిడ గుమ్మం వైపు చూడలేదు. పొద్దున బీపీ పట్టీ బిగించినచోట, మోచేతికి పైన, కొత్త మచ్చ ఒకటి అప్పుడే నల్లబడుతోంది. గాజు కప్పు ఎప్పుడూ తగలని చోటు అది.

"ఇదీ నీదేనా?" అని అడిగింది.

గుమ్మంలో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. అతను ఆ మచ్చ మీద దుప్పటి కప్పాడు.

"నాదే అక్కా" అన్నాడు.

"అయితే సరే" అంది ఆవిడ, చెయ్యి వదిలేసి.